నీడకు వచ్చిన వెండి పతకం

కుందుర్పి బస్టాండుకు ఎదురుగా ఉండే పుష్పావతి టీ అంగట్లో రెండు బెంచీలుంటాయి. గోడవార బెంచీలో కుడిపక్క కొస బయ్యన్నది. ఎవరూ రాసిచ్చినది కాదు గానీ, ఆయప్ప వస్తాండాడంటే ఆడ కూర్చున్నోళ్ళు లేచి ఇవతలికి జరుగుతారు. మాట్లాడేటప్పుడు బయ్యన్నకు రెండు చేతులూ ఆడాల్సిందే. పక్కనున్నోని టీ గ్లాసు ఎన్నిసార్లు ఎగిరి రోడ్డుమీద పడినాదో పుష్పావతికే తెలియాల.

బయ్యన్నకు ఇంత మెట్టభూమి ఉండాది, అందులో ఎండిపోయిన బోర్లుండాయి, అన్నిటికన్నా పైన నోరుండాది. భూమిలో పండినా పండకపోయినా నోట్లో మాత్రం ఆయప్పకు ఏ యేడూ పంట తప్పలేదు. ఒకసారి చిరుతపులిని చెవి పట్టుకోని నడిపించుకుంటూ పోయి పోలీసుస్టేషన్లో అప్పజెప్పినాడు. ఇంకొకసారి బోరుగుంతలోకి జారిపోయిన మోటారును, గొట్టానికి నోరు పెట్టి ఒక్క పీల్పుతో పైకి లాగినాడు. ఊర్లో ఈ సంగతులు నమ్మేవాళ్ళు ఎవరూ లేరు. వినకుండా లేచిపోయేవాళ్ళు గూడా ఎవరూ లేరు.

ఆ ఆదివారం మాత్రం బయ్యన్న నోరు తెరవలేదు. అంగట్లో ఎవరూ తెరవలేదు. అందరి కండ్లూ గోడకున్న టీవీ మీదనే ఉన్నాయి.

మలేసియాలో ఆసియా దేశాల సైకిల్ పందేలు జరుగుతాండాయి. అందులో మొగోళ్ళ స్ప్రింటు పందెంలో మూడో స్థానం కోసం జపాన్ వానితో పోటీ పడతాండేది వేరే ఎవరో కాదు, కూలికి పోయే సుంకమ్మ కొడుకు ఓబిలేషు. స్కూల్లో చదివేటప్పుడు వాని కాళ్ళ బలం చూసి ఆటల హాస్టలోళ్ళు ఢిల్లీకి తీసుకుపోయినారు. సైకిల్ తొక్కేదానికి హాస్టలేందని అప్పుడు ఊరంతా నవ్వినాది. ఇప్పుడు అదే ఊరు టీ చల్లారిపోతాంటే తాగకుండా చూస్తాండాది.

టీవీకి తన ఫోను తగిలించి ఈ పందెం పెట్టినది లహరి, బయ్యన్న తమ్ముని కూతురు, డిగ్రీ చదువుతాండాది. స్ప్రింటులో ఇద్దరే తొక్కుతారనీ, మూడుసార్లు తొక్కితే అందులో రెండుసార్లు గెలిచినోడే గెలిచినట్లనీ అందరికీ ఆ పిల్లే చెప్పినాది. మొదటిసారి జపాన్ వాడు గెలిచినాడు. రెండోసారి ఓబిలేషు గెలిచినాడు. ఇంక కడాపటిది తొక్కల్ల. అంతలో వేరే పందెంలో నలుగురు ఒకరిమీద ఒకరు పడి, కట్టెతో చేసిన ఆ ట్రాకులో పలకలు చీలిపోయినాయి. వాటిని బాగుచేసేదాకా ఎదురుచూడాల్సి వచ్చినాది.

సుంకమ్మ రెండో బెంచీ చివర్న కూర్చోని ఉండాది. జరిగిన రెండుసార్లూ ఆమె మొగానికి కొంగు అడ్డం పెట్టుకున్నాది. ముందురోజు ఇంకొక పందెంలో ఓబిలేషు పడినాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయినాది. ఈ పొద్దు ఆ చేతికి తెల్లకట్టు కట్టుకోని తొక్కుతాండాడు.

పొద్దున వాడు లహరికి ఫోన్ చేసి చెప్పినాడు. "ఒక్కసారన్నా అమ్మను కండ్లు తెరిచి చూడమను లహరీ. నేను ఏం చేస్తాండానో ఆమెకు ఇప్పటికీ తెల్దు."

ఆ మాట లహరి పెద్దనాయన చెవిలో వేసినాది.

ఇప్పుడు టీవీవాళ్ళు పలకలు చూపించి చూపించి, ఏమీ తోచక, నిన్న ఓబిలేషు పడినది మళ్ళీ చూపించినారు. సుంకమ్మ చేతిలో ఉన్న గ్లాసును బెంచీమీద పెట్టి లేచినాది.

"నేను పోతా. గొర్రెపిల్లలకు నీళ్ళు పెట్టల్ల," అన్నాది.

గొర్రెపిల్లలు నీళ్ళు తాగే పొద్దు ఎప్పుడో దాటిపోయినాదని ఆడుండే అందరికీ తెలుసు. లహరి పెద్దనాయన పక్క చూసినాది. ధైర్యంగా ఉండమ్మా అనే మాటలు బయ్యన్నకు చేతగావు. అట్లాంటివి నోటికి వచ్చినా ఎవరో వేరేవాళ్ళు మాట్లాడినట్ల ఉంటాది. ఆయప్పకు వచ్చిన విద్య ఒకటే.

"కూర్చో సుంకమ్మా," అన్నాడు, చేతులు రెండూ విదిలించి. "నీ కొడుకు పందెం నడుమ కాలు దించకుండా సైకిల్ నిలబెడితే టీవీవాళ్ళు ఆహా ఓహో అంటాండారే, ఆ విద్య యాడిదనుకున్నావు? మన కుందుర్పిది. ఆ స్ప్రింటు నేను ఎప్పుడో తొక్కి పడేసినా."

పక్కన కూర్చున్న నాగప్ప గ్లాసును జాగ్రత్తగా రెండో చేతిలోకి మార్చుకున్నాడు. గొర్లు కాసే మనిషి, ఏ కథలోనైనా అడగాల్సిన ప్రశ్న అడక్కుండా ఉండలేడు. "నువ్వు గూడా తొక్కినావా బయ్యన్నా?"

"తొక్కినావా అని అడుగుతాండావా? మొదులు నుంచి చెప్తా, విను. మన హైస్కూల్లో ఆగస్టు పదైదుకు స్లో సైకిల్ పందెం పెడతాండ్రి, గుర్తుండాదా? అందరికన్నా వెనక వచ్చినోడే గెలిచినట్ల. కాలు కింద పెట్టగూడదు, పక్కకు ఒరగగూడదు. ఆ పందెంలో నాకు మొదటి బహుమానం వచ్చినాది. స్టీలుగిన్నె."

"అది నిజమే," అన్నాది లహరి. "ఆ గిన్నెలోనే పెద్దమ్మ ఇప్పటికీ పెరుగు తోడేస్తాది."

బయ్యన్న కథలన్నీ ఇట్ల నిజమైన గిన్నెతోనే మొదలవుతాయి. ఆ తర్వాతే అవి ఎవరి మాటా వినవు.

"ఆ పొద్దు ఏమైనాదంటే, బెంగుళూరు నుంచి ఒక పెద్దసారు జీపులో పోతా ఉన్నాడు. జీపు కాగిపోయి పొగలు కక్కుతాంటే నీళ్ళడుగుదామని స్కూలు కాడ ఆపినాడు. ఆపి చూస్తే ఏముండాది? తక్కినోళ్ళంతా గీత దాటి, జెండాకు దండం పెట్టి, మిఠాయి తిని ఇండ్లకు పోయినారు, నేనింకా సగం దావలోనే ఉండా. 'ఏమయ్యా, నిలబడినావా, పోతాండావా?' అన్నాడు సారు. 'పోతాండా సార్, తొందరపెట్టొద్దండి' అంటి. అంతే, జీపులో నీళ్ళు పోసేది మర్చిపోయి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. 'నీలాంటోని కోసమే దేశమంతా తిరుగుతాండా, స్ప్రింటు తొక్కుతావా?' అన్నాడు."

"స్ప్రింటంటే దౌడు గదా?" నాగప్ప మొగం చిట్లించినాడు. "దౌడుకు మెల్లగ పోయేవాణ్ణి ఎందుకు పిలిచినాడు?"

బయ్యన్న జవాబు చెప్పకుండా లహరి పక్క చెయ్యి చూపించినాడు, సాక్షిని పిలిచినట్ల.

"ఆ మాట సరిగానే చెప్తాండాడు నాగప్ప మామా," అన్నాది లహరి. "మొత్తం మూడు సుట్లు. మొదటి సుట్లలో ఎవరూ దౌడు తీయరు. ముందు పోయేవానికి గాలి అడ్డమొస్తాది. వెనకుండేవాడు వాని చాటున దాక్కోని, కడాన ఒక్క దూకు దూకి దాటేస్తాడు. అందుకే ఎవరికీ ముందు పోయేది ఇష్టముండదు. నువ్వు పో అంటే నువ్వు పో అని సైకిళ్ళను నిలబెట్టుకుంటారు. ఓబిలేషు నిలబడినాడంటే భయపడి కాదు, జపాన్ వాణ్ణి ముందుకు పంపేదానికి."

బెంచీ పక్కన నిలబడుకోనే ఉన్న సుంకమ్మ మొగానికి కొంగు అడ్డం పెట్టుకోని మెల్లగా మళ్ళీ కూర్చున్నాది. బయ్యన్న కంటికొసతో అది చూసినాడు. చూసి ఇంకొంచెం గొంతు పెంచినాడు.

"ఇంగ జర్మనీ దేశంలో ప్రపంచ పోటీలు. పుట్టపర్తిలో విమానం ఎక్కినా..."

"పుట్టపర్తిలో మామూలు విమానాలు ఆగవంట గదా?" అన్నాది పుష్పావతి, పాలు పొంగకుండా గరిటె తిప్పుతా.

"నా కోసం ఆపినారు. టీ మరిగిపోతాండాది, నువ్వు ఆ పక్క చూడు. విమానంలో మా నాయన కొనిచ్చిన సైకిలును నా పక్కసీట్లోనే పెట్టుకున్యా, ఒళ్ళో బొరుగుల ఉగ్గాని మూట, నంజుకునేదానికి ఊరిబిండి. ఆడ దిగితే తెల్లకోటు ఆఫీసర్లు వచ్చినారు. క్యారియరు తీసేయమన్నారు, తీసేస్తి. స్టాండు తీసేయమన్నారు, తీసేస్తి. గంట, మడ్గార్డు, అన్నీ పీకినారు. కడాకు బ్రేకులు గూడా ఉండగూడదన్నారు. నేను నవ్వినా. 'దొరా, నా సైకిలుకు బ్రేకులు ఎప్పుడు పడినాయి గనక, ఉంటే ఏమి, పోతే ఏమి' అంటి."

నాగప్ప తొడ చరుచుకున్నాడు. బయ్యన్నకు ఊపు వచ్చినాది.

"లోపలికి పోయి చూస్తే, నాగప్పా, అది రోడ్డు కాదప్పా, బావి. కట్టెతో కట్టిన పెద్ద గుండ్రటి బావి. గోడలమీదనే సైకిల్ తొక్కల్లంట."

"నీళ్ళుండాయా అందులో?"

"చుక్క లేదు. చూస్తానే నాకు సొంతూరికి వచ్చినట్లయినాది. ఇంగ నామీద పోటీకి నిలబడిన జర్మనీవాడు ఎట్లుండాడంటే, వాని ఒక్కొక్క తొడ ఇదో ఈ పుష్పావతి పాలక్యాను అంత. వాడు మెడ తిప్పల్లంటే పక్కన ఇద్దరు సాయం పట్టుకోల్ల. నన్ను కింద నుంచి పైకి చూసి, నా పంచె చూసి, నవ్వినాడు. నేనేం మాట్లాడలా. పంచె ఎగ్గట్టి సైకిలెక్కినా. ఈల వేసినారు. ఇద్దరం మెల్లగా పోతాండాము. వాడు ఆగినాడు. నేను ఆగినా. వాడు నా పక్క చూసినాడు, నేను పైకప్పు పక్క చూసినా. ఆ తర్వాత ఏమైనాదో తెలుసునా?"

"ఏమైనాది?"

"ఏమీ కాలా! అదే గదా విద్య. పొద్దున నిలబడినోళ్ళం మధ్యాన్నమైనా అట్లనే ఉండాము. మధ్యాన్నం పోయి సాయంత్రమాయె, రెఫరీకి డ్యూటీ అయిపోతే ఇంకొక రెఫరీ వచ్చినాడు. జనం ఇండ్లకు పోయి, తిని, నిద్రపోయి, స్నానాలు చేసి మళ్ళీ వచ్చినారు. మేము ఆడే ఉండాము."

లహరి నవ్వు ఆపుకుంటా అన్నాది. "పెద్దనాయనా, అంతసేపు నిలబడితే ఒప్పుకోరు. కొంచెంసేపే నిలబడల్లని రూలుండాది."

"ఆ రూలు ఎవరి తర్వాత పెట్టినారనుకున్నావు మరి?"

బెంచీలు రెండూ ఘొల్లుమన్నాయి. బస్సు కోసం నిలబడినోళ్ళు గూడా ఇద్దరు ముగ్గురు దగ్గరికి జరిగినారు. బయ్యన్నకు అంతకంటే ఏం కావల్ల? చేతులు భుజాల పైకి లేచినాయి. నిజం చెప్పాలంటే, సుంకమ్మను కూర్చోబెట్టేదానికి ఈ కథ మొదలుపెట్టినాడనే సంగతి గూడా ఆయప్పకు అప్పటికి గుర్తులేదు. కండ్లముందర కట్టెబావి, జర్మనీవాడు, తన పంచె, ఇవే కనపడతాండాయి.

"కాళ్ళు నొయ్యలేదా?" అన్నాడు నాగప్ప.

"విత్తన శనక్కాయల కోసం మండలాఫీసు కాడ లైన్లో నిలబడిన కాళ్ళప్పా ఇవి. తెల్లవారకముందు చోటు కోసం చెప్పు పెట్టి, దాని వెనక చెప్పుల మాదిరే నిలబడినోళ్ళం. జర్మనీవానికి యాడ తెలుస్తాది లైన్లో నిలబడేది? వానికి అన్నీ ఇంటికాడికే వస్తాయి. రెండోరోజు వానికి చెమటలు పట్టినాయి. నాకా, ఆకలైతే పెద్దసారే ఉగ్గాని ముద్దలు చేసి నోట్లో పెడతాండాడు. మూడోరోజు ఒక పావురం వచ్చి నా హెల్మెటు మీద గూడు పెట్టినాది. పెడితే పెట్టినాదిలే అనుకుంటే, గుడ్లు గూడా పెట్టినాది! ఇంగ నేను యాడ కదిలేది? జీవహింస గదా. పిల్లలు లేచి, రెక్కలొచ్చి ఎగిరిపోయిందాకా ఊపిరి గూడా మెల్లగానే తీసుకున్యా."

"పావురం గుడ్లు పొదగల్లంటే రెండు వారాల పైన పడతాది పెద్దనాయనా."

"మన పావురాలకు. అది జర్మనీ పావురం. ఆ దేశంలో పనులన్నీ ఫాస్టు."

నాగప్ప నవ్వలేక వంగిపోయి గ్లాసు కింద పెట్టేసినాడు. సుంకమ్మ కొంగు మొగం నుంచి గడ్డం దాకా దిగినాది. అది బయ్యన్న చూడలేదు, లహరి చూసినాది.

"కడాకు జర్మనీవాడు ఏడ్చినాడు. 'అయ్యా, ఇంట్లో పెండ్లాం పిల్లలుండారు, నన్ను పోనీ' అని వాళ్ళ భాషలో ఏడ్చి, ఎత్తుకున్నాడు దౌడు. పోయినాడు, పోయినాడు, ఒక సుట్టు తిరిగి నా పక్కనుంచే మళ్ళీ పోయినాడు. పెద్దసారు తల బాదుకుంటాండాడు, 'పోవయ్యా బయ్యన్నా' అని. మిగిలిన ఉగ్గాని ముద్ద ఒకటి ఉన్నింది, అది నమిలి మింగి, మూతి తుడుచుకోని, అప్పుడు కాలు నొక్కినా. ఒక్కటే నొక్కుడు! ఎంత జోరుగా పోయినానంటే, నాగప్పా, నా నీడ నాతో రాలేకపోయినాది."

"నీడ... రాలేకపోయినాదా?"

"వెనకపడిపోయినాది. నేను గీత దాటి నిలబడి చూస్తాండా, నా నీడ రొప్పుకుంటా వస్తాండాది గోడమీద. దాని వెనక జర్మనీవాడు. రెఫరీలంతా కూర్చోని మాట్లాడుకున్నారు. ఏం చేస్తారు, కండ్లతో చూసినారు గదా! బంగారు పతకం నాకు, వెండి పతకం నా నీడకు, ఆ జర్మనీవానికి కంచుది."

అంగడి అంతా గోల. బస్సు కోసం వచ్చినోళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకోని నవ్వుతాండారు. నాగప్ప కండ్లు తుడుచుకోని, "అట్లయితే రెండు పతకాలూ నీ ఇంట్లోనే ఉండల్ల గదా బయ్యన్నా, ఒకటన్నా చూపీ," అన్నాడు.

"నాది టౌనువాళ్ళు ఎగ్జిబిషన్లో పెడతామని తీసుకుపోయి మళ్ళీ ఇయ్యలా. నీడది నీడ కాడనే ఉంటాదప్పా, వెలుతురులోకి తెస్తే కనపడదు."

ఇంతటితో ఆపి ఉంటే ఆ కథ ఏ లోటూ లేకుండా ముగిసిపోయేది. కానీ జనం ఇంత నవ్వుతాంటే ఆపేది బయ్యన్న వల్ల కాదు. ఇంకా పైకి పోవల్ల. ఆకాశం ఒకటే మిగిలినాది.

"ఉండండి, కథ యాడ అయిపోయినాది? బ్రేకులు లేవని చెప్తి గదా! పతకాలిచ్చినాక జనం కోసం ఇంకొకసారి తొక్కమన్నారు, తొక్కితి, ఈసారి సైకిలు నిలబడలా. బావి గోడ ఎక్కి, పైకప్పు దాటి, బయటపడినా. జర్మనీ ఊర్లన్నీ తిరుగుతాండా. నా చక్రాల గాలికి ఆ ఊర్లోళ్ళ ఇండ్ల కిటికీలు ఊడిపోతాండాయి. ఆ గాలి సముద్రం దాటి మన పక్కకు తిరిగినాది. మన గుట్టలమీద కరెంటు తీసే గాలిమరలు ఉండాయే, అవి అట్ల తిరగడం నేర్చుకున్నది అప్పుడే. అంతటితో ఆగినాదా? సముద్రం మీద మబ్బులన్నిటినీ గొర్లమంద మాదిరి తోలుకొచ్చి మన కుందుర్పి మీద నిలబెట్టినాది. ఏం వాన! చెరువులు నిండి మరవ పారినాయి. పామిడి కాడ పెన్న రెండు గట్లూ ముట్టి పారినాది. సుంకమ్మా, అది యే యేడో తెలుసునా? నీ ఓబిలేషు పుట్టిన యేడు!"

ఆమెను సంతోషపెట్టేదానికే ఆ మాట అన్నాడు. అని, చేతులు రెండూ చాపి, నవ్వు కోసం ఎదురుచూసినాడు.

నవ్వు రాలేదు. నాగప్ప నేలచూపు చూసినాడు. పుష్పావతి గరిటె తిప్పేది ఆపినాది. బస్సు కోసం నిలబడిన ముసలాయన ఒకడు రోడ్డవతల ఎండిన చెట్లపక్క మొగం తిప్పుకున్నాడు.

సుంకమ్మ కొంగు పూర్తిగా కిందికి దిగిపోయినాది. పొద్దున్నుంచి ఆమె నోరు తెరిచి గట్టిగా మాట్లాడినది అప్పుడే.

"బయ్యన్నా, ఆ యేడు వాన పడలా."

బయ్యన్న చేతులు గాలిలోనే ఉండిపోయినాయి.

"చుక్క పడలా. ఊరు సగం బెంగుళూరుకు పోయినాది. నేను నిండు కడుపుతో ఆడ ఇటికలు మోసినా. నువ్వు గూడా వచ్చినావు గదా, మా షెడ్డు వెనకనే ఉంటివి, సిమెంటు కలుపుతాంటివి." ఆమె గొంతులో కోపం లేదు. సంతలో తూకం సరిచూసినట్ల నిదానంగా మాట్లాడినాది. "నువ్వు పావురం గుడ్లు పెట్టినాదంటివి, నేను నమ్మినా. నీ నీడకు పతకమిచ్చినారంటివి, పాపం దానికిగూడా ఒకటి రానీలే అనుకున్యా. ఇంకా ఏమన్నా చెప్పు, కూర్చోని వింటా. వాన కాడ మాత్రం కోతలు కోయొద్దప్పా. అది పడల్లంటే నీ సైకిలు చాలదు."

నాగప్ప ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చినాది. వాని వెనక పుష్పావతి, ముసలాయన, అందరూ. ఇంతసేపూ నవ్విన నవ్వు ఒకెత్తు, ఈ నవ్వు ఒకెత్తు. బయ్యన్న తెల్లమొగం చూసి సుంకమ్మకే నవ్వు ఆగలేదు. పండ్లన్నీ కనపడేట్ల, పక్కటెముకలు పట్టుకోని నవ్వినాది.

బయ్యన్న చేతులు మెల్లగా మోకాళ్ళ మీదికి దిగినాయి. ఆ యేడు సిమెంటు కలిపిన చేతులవి. ఆ సంగతి ఏ కథలోనూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కినాయి. అయినా సుంకమ్మ నవ్వుతాంటే, ఎందుకో, అంత బాధగా అనిపించలేదు.

"పెద్దనాయనా, వచ్చినారు! వచ్చినారు!" అని అరిచినాది లహరి.

టీవీలో పలకలు బాగయినాయి. ఓబిలేషు, జపాన్ వాడు పక్కపక్కన గీత కాడ నిలబడినారు. సుంకమ్మ ఇంకా నవ్వుతానే ఉండాది. నవ్వులో కొంగు సంగతి మర్చిపోయినాది. అట్ల నవ్వుతా నవ్వుతా తలెత్తి, నేరుగా కొడుకునే చూసినాది.

ఈల వేసినారు. జపాన్ వాడు ముందు, ఓబిలేషు వెనక. మెల్లగా, బజారులో కూరగాయలు చూసుకుంటా పోతాండే మనుషుల మాదిరి పోయినారు. ఓబిలేషు గోడ మాదిరి వాలిన ట్రాకుమీద బాగా పైకి ఎక్కి, ఆడ సైకిలు నిలబెట్టినాడు. సుంకమ్మ రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకున్నాది. కండ్లు మాత్రం మూసుకోలేదు.

"ముందు వాడే పోతాడు, చూడు," అన్నాది గుసగుసగా, ఎవరితోనో తెలియదు. "వీడు పోడు. వానికి గాలి అడ్డమొస్తాది."

జపాన్ వాడు కదిలినాడు. కడాపటి సుట్టుకు గంట కొట్టినారు. ఓబిలేషు పైనుంచి గద్ద మాదిరి దిగినాడు. వంపు తిరిగేటప్పటికి వెనక చక్రం కాడ, ఇంకొంచెంలో పక్కన, ఆ తర్వాత ఇద్దరూ ఒకటే. అంగట్లో అందరూ లేచి అరుస్తాండారు. బయ్యన్న గూడా అరుస్తాండాడు, ఏం అరుస్తాండాడో ఆయప్పకే తెల్దు. గీత కాడ ఇద్దరూ సైకిళ్ళను ముందుకు తోసినారు.

ఎవరు గెలిచినారో ఎవరికీ అర్థం కాలేదు. టీవీవాళ్ళు మెల్లగా తిప్పి చూపించినారు. జపాన్ వాని టైరు ముందుండాది. వేలి మందం అంత. అంతే.

అరుపులు ఆగిపోయినాయి. "నాలుగో స్థానం," అన్నాది లహరి, గొంతు తగ్గించి.

"పడలేదు!"

అందరూ తిరిగి చూసినారు. సుంకమ్మ నిలబడుకోని నాగప్ప భుజం పట్టుకోని ఊపుతాండాది. "చూస్తిరా? అంత పైన నిలబడి, ఆ జోరుతో దూకినాడు గదా, పడలేదు! వాని పక్కకు పోయి, వాని పక్కనే దూరి వచ్చినాడు, చూస్తిరా?"

"అది కాదు సుంకమ్మత్తా, పతకం..." అని లహరి చెప్పబోతే, బయ్యన్న చెయ్యి అడ్డం పెట్టినాడు. టీవీలో ఓబిలేషు ఒంటరిగా మెల్లగా సుట్టు తిరుగుతాండాడు. కెమెరా దగ్గరికొచ్చినప్పుడు కట్టుకట్టిన చెయ్యి పైకెత్తినాడు. పుష్పావతి టీ అంగట్లో సుంకమ్మ గూడా చెయ్యెత్తినాది.

బయ్యన్న చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగినాడు. అది దిగే లోపలే బుర్రలో పని మొదలైనాది. ఆసియాకంతా నాలుగోవాడు. నాలుగును మూడు చేయొచ్చా? రెండు? జపాన్ వాణ్ణి ఇంకొంచెం లావు చేయల్ల. ఆ చేతికి కట్టు ఒకటి కాదు...

అప్పుడే కళ్యాణదుర్గం బస్సు వచ్చి ఆగినాది. దాంట్లోంచి టీ తాగేదానికి దిగిన సంచీ మనిషి ఒకాయన ఈ గుంపును చూసి, ఆశ్చర్యపోయి దగ్గరికొచ్చినాడు. "ఏమప్పా, ఏం జరిగినాది ఈడ?"

బయ్యన్న లేచి, పంచె సర్దుకోని, గొంతు సవరించుకోని, చేతులు రెండూ చాపినాడు. "అసలు ఏం జరిగినాదంటే..."

"నువ్వు గమ్మునుండు బయ్యన్నా," అన్నాది సుంకమ్మ, ఆయప్పకూ ఆ మనిషికీ మధ్యకు వచ్చి. "ఇది నేను కండ్లారా చూసినా. నేను చెప్తా."

చెప్పడం మొదలుపెట్టినాది. కండక్టరు రెండుసార్లు ఈల వేసినాడు. బస్సు ఎక్కల్లని అంతసేపూ కాచుకోనున్న ముసలాయన కదల్లేదు, సంచీ మనిషీ కదల్లేదు. బస్సు పోయినాది.